మడగాస్కర్ నుంచి మా మడి దాకా వచ్చిన ఒంటి నారు

మా పొలంలో మార్కర్ తోలడం, వీడర్ తోయడం వీడియోలో చూపించాను. అందులో చెప్పడానికి టైం చాలని సంగతి ఇక్కడ రాస్తున్నా.

శ్రీ వరి ఏ పెద్ద ల్యాబ్‌లోనూ పుట్టలేదండి. 1961లో ఫ్రాన్స్ నుంచి మడగాస్కర్ వెళ్లిన ఫాదర్ హెన్రీ డి లాలానియే అక్కడి రైతుల మళ్లన్నీ తిరిగి చూశారు. కొందరు గుత్తిగా కాకుండా కుదురుకి ఒక్క మొక్కే నాటేవారు. ఇంకొందరు మడిలో ఎప్పుడూ నీళ్లు నిలగట్టేవారు కాదు. ఈ రెండూ ఆయన వాళ్ల దగ్గరే నేర్చుకున్నారు. 1983లో అనుకోకుండా 15 రోజుల లేత నారు నాటాల్సి వస్తే, పిలకలు విరగబెట్టాయి. అదీ కలిపారు.

మన దగ్గర 2003 ఖరీఫ్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు రైతుల పొలాల్లోనే వేయించి చూపించారు. ఎకరాకి 2 కిలోల విత్తనం, 8 నుంచి 12 రోజుల నారు, 25 సెంటీమీటర్ల ఎడం. మా నాన్నగారైతే "ఒక్కో మొక్క పెడితే వడ్లొస్తాయా, గడ్డొస్తుందా" అని నవ్వారు. నాటేవాళ్లకి అసలు బాధ ఆ ఎడమే. ముడులేసిన తాడు జరుపుకుంటూ నాటితే నడుములు పోతాయి. దానికి మన రైతే ఇనుప చువ్వలతో రోలర్ మార్కర్ చేశాడు. ఒకసారి లాగితే చాలు, మడంతా గళ్లు పడతాయి. ఇది మడగాస్కర్ నుంచి వచ్చింది కాదు, మనం చేర్చింది.

ఇక నా తప్పు. డిప్లొమా అయిన కొత్తలో ఒక సంస్థ తరఫున పక్క ఊళ్లో కోనోవీడర్ మీద ట్రైనింగ్ ఇచ్చాను. మాది జిగట నేల. ఆడవాళ్లు రెండు సాళ్లు తోసి ఆపేశారు. "నువ్వో పూట తోసి చూడు బాబూ" అంది ఒక పెద్దమ్మ. తోశాను. మర్నాడు భుజం లేవలేదు! ఆవిడ చెప్పినట్టే వెల్డింగ్ షాపులో ఒక డ్రమ్ము తీయించి, పిడి ఆవిడ ఎత్తుకి కోయించాం. అప్పుడు నడిచింది.

పైకి పంపే రిపోర్టులో మాత్రం 'ఎంతమందికి నేర్పారు' అన్న గడి ఒక్కటే ఉంది. 40 అని రాసిచ్చాను. పిడి సంగతి రాయడానికి చోటు లేదు, నేనూ అడగలేదు. తర్వాత ఊరికి అదే బరువు వీడర్లు మళ్లీ వచ్చాయి.

వీడియోలో నేను తోస్తున్నది ఆ పెద్దమ్మ మార్పించిన వీడరే. పిడి కొలత 6వ నిమిషంలో టేపు పెట్టి చూపించాను. మీ ఇంట్లో తోసేవాళ్ల ఎత్తు చూసుకుని కోయించండి.