మీకు తెలుసా? చెవుల కోసం ఒప్పుకున్న ఆపరేషన్

1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో టిమ్మీ జీన్ లిండ్సీ ఛాతీ మీది పచ్చబొట్టు తీయించుకుందామని ఆసుపత్రికి వెళ్లింది. డాక్టర్లు థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో ఆమె ముందు ఓ కొత్త ప్రయోగం పెట్టారు. ఆమెకు దాని మీద పెద్దగా మోజు లేదు; ముందుకు పొడుచుకొచ్చిన చెవులు సరిచేయించుకోవాలని మాత్రం ఉంది. అదీ చేస్తామనడంతో ఒప్పుకుంది. అలా ప్రపంచంలోనే తొలి సిలికాన్ జెల్ రొమ్ము ఇంప్లాంట్లు ఆమెకు అమర్చారు.

అయితే ఇలాంటి ఇంప్లాంట్లు జీవితాంతం మన్నేవి కావు.

సిలికాన్ రకం లోపల చిరిగినా నొప్పి, వాపు ఏవీ కనిపించకపోవచ్చు. అందుకే పెట్టించుకున్న 5-6 ఏళ్లకు, ఆ తర్వాత 2-3 ఏళ్లకోసారి అల్ట్రాసౌండ్ లేదా ఎమ్మారై చేయించుకోవాలని అమెరికా ఎఫ్‌డీఏ సూచిస్తోంది. గరుకు పైపొర ఉన్నవాటితో అరుదైన లింఫోమా క్యాన్సర్ ముప్పు బయటపడి, 2019లో అలర్గాన్ కంపెనీ తన బయోసెల్ రకాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది.

క్యాన్సర్ వల్ల రొమ్ము తొలగించినవారికి ఇంప్లాంటే గతి కాదు. పొట్ట దిగువ చర్మం, కొవ్వుతోనూ కొత్త రొమ్మును మలుస్తారు. ఈ పద్ధతిలో కోత పెద్దది, కోలుకోవడమూ ఆలస్యమే. రేడియేషన్ చికిత్స అవసరమైతే మాత్రం ఇంప్లాంట్ చుట్టూ కణజాలం గట్టిపడే అవకాశం ఎక్కువ. కాబట్టి ప్లాస్టిక్ సర్జన్‌తో మాట్లాడాల్సింది రొమ్ము తీయకముందే. ఇంప్లాంట్ పెట్టించుకుంటే కంపెనీ పేరు, సీరియల్ నంబరు ఉన్న కార్డు అడిగి దాచుకోండి.