నవ్వులాటలో మిగిలిన జాహిలియ్యత్

2021 జనవరిలో సిడ్నీ టెస్టు జరుగుతుండగా, బౌండరీ వద్ద నిలిచిన మన హైదరాబాదు యువకుడు ముహమ్మద్ సిరాజ్‌ను ప్రేక్షకుల్లో కొందరు దూషించారు. అతడు ఊరుకోలేదు. కెప్టెన్ రహానేకు, అంపైర్లకు చెప్పాడు. ఆట కొన్ని నిమిషాలు ఆగిపోయింది. భారత ఆటగాళ్లపై వర్ణదూషణ జరిగిన మాట నిజమేనని క్రికెట్ ఆస్ట్రేలియా తరువాత ధ్రువీకరించింది.

ఆ వార్త విని పాతబస్తీలోని మా మదరసా పిల్లలు ఆగ్రహంతో ఊగిపోయారు. మన ఆటోడ్రైవరు కుమారుణ్ణి అంత మాట అంటారా అని! ఆ కోపం న్యాయమైనదే. కాని అదే తరగతిలో ఏ.సి. గార్డ్స్ నుండి వచ్చే సిద్దీ బాలుడొకడు ఉండేవాడు. తోటివారు అతడిని 'హబ్షీ' అనీ 'కాలియా' అనీ పిలిచి నవ్వేవారు. ఆ బస్తీ పేరే నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుండి వచ్చింది. ఆ సంగతి పిల్లలకు తెలియదు, మేమూ చెప్పలేదు.

ఒకనాడు పాఠం మధ్యలో మళ్ళీ ఆ పిలుపు వినవచ్చింది. వెనుక వరుసలోని పదిహేనేళ్ల కుర్రవాడు లేచి, "అలా పిలవకండి, అతనికో పేరుంది" అన్నాడు. అందరూ వాడిపైనే పడ్డారు. "లైట్ లేలో మియా, మజాక్ హై" అని ఒకడు, "ముఫ్తీసాబ్ వచ్చారు" అని మరొకడు. పాఠం చెడుతున్నదని మేము లేచినవాడినే కూర్చోమన్నాము. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

తరువాత పిల్లలను విడివిడిగా పిలిచి మాట్లాడాము. ఆ మాట తప్పేనని దాదాపు అందరూ ఒప్పుకున్నారు. మరి నవ్వారెందుకంటే, నవ్వకపోతే మరునాడు తమ వంతు వస్తుందన్నారు. లేచి మాట్లాడినవాడిపై వారికి లోలోపల గౌరవమే. దానిని పైకి చూపడానికే జంకు. సిద్దీ బాలుడు మాత్రం ఇలా అన్నాడు: "అనేవాళ్లు నలుగురే హజ్రత్. మిగతావాళ్ల నవ్వే ఎక్కువగా వినబడుతుంది."

"ప్రేమతోనే అన్నాం" అనే సాకు కొత్తది కాదు. వెస్టిండీస్ మాజీ కెప్టెన్ డారెన్ సామీ, సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడిన రోజుల్లో తనను 'కాలూ' అని పిలిచేవారని 2020 జూన్‌లో వెల్లడించారు. ఆ పదానికి బలవంతుడని అర్థమనుకున్నారట పాపం! ప్రేమతోనే అన్నామని ఒక సహచరుడు చెప్పినట్లు తరువాత ఆయనే తెలిపారు. అయినా, అర్థం తెలిసిన నాడు కలిగిన బాధ అబద్ధమవుతుందా?

పరస్పరం ఎగతాళి చేసుకోవడాన్ని, చెడ్డ పేర్లతో పిలుచుకోవడాన్ని దివ్య ఖుర్ఆన్ సూరహ్ హుజురాత్ 11వ ఆయతులో నిషేధించింది. అక్కడ నవ్వులాటకు మినహాయింపు లేదు. హజ్రత్ అబూజర్ (రజి) ఒకరిని తల్లి పేరు ఎత్తి నిందించినప్పుడు, ఆయనలో ఇంకా జాహిలియ్యత్ మిగిలి ఉన్నదని దైవప్రవక్త (స) మందలించారు. ఆ నింద పడినవారు హజ్రత్ బిలాల్ (రజి) అని కొన్ని ఉల్లేఖనాలు చెబుతాయి. సహీహ్ బుఖారీలో పేరు లేదు. తన తప్పును లోకానికి చెప్పినవారు స్వయంగా అబూజర్ (రజి) గారే. తనకూ తన సేవకునికీ ఒకే విధమైన దుస్తులెందుకని రబజాలో ఒకరు అడిగితే, జవాబుగా ఈ సంగతి వినిపించారు.

ఈ హదీసునే తరగతిలో చదివాము. చదివే ముందు, కూర్చోమన్న కుర్రవాణ్ణి అందరి ఎదుట క్షమాపణ కోరాము. ఆ పిలుపు ఆనాటితోనే ఆగలేదు. మరికొన్ని వారాలు పట్టింది.

పాఠం ముగిశాక ఒక పిల్లవాడు చేయెత్తి, "మా ఆపాకు సంబంధాలు చూసేటప్పుడు ఇంట్లో పెద్దలందరూ రంగు మాటే మాట్లాడతారు హజ్రత్. అది తప్పని ఎవరూ అనరేం?" అని అడిగాడు. అప్పటికి మా వద్ద జవాబు లేకపోయింది.