ఆర్‌ఎక్స్ 100 బోరులో ఆకురాయి పెట్టేముందు

యమహా ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైంది. బోరు 50 మి.మీ., స్ట్రోకు 50 మి.మీ., 98 సిసి. 7500 ఆర్‌పీఎం దగ్గర 11 హార్స్‌పవర్. ‘ఎగ్జాస్ట్ పోర్టు కాస్త పైకి లేపితే ఇంకా పరుగెడుతుంది’ అని మెకానిక్ షెడ్డుల్లో అంటుంటారు. నిజమే. ఆ ‘కాస్త’ ఎంతన్నదే తేలాలి.

టూ స్ట్రోక్‌లో పొగను వదిలేది సిలిండర్ గోడకున్న కంత. దాన్ని మూసేదీ తెరిచేదీ పిస్టనే. 7500 ఆర్‌పీఎంలో క్రాంక్ ఒక చుట్టు తిరిగేది 8 మిల్లీసెకన్లలో. అందులో 170 డిగ్రీలు పోర్టు తెరిచి ఉందనుకుంటే పొగకు దక్కేది 3.8 మిల్లీసెకన్లు.

కనెక్టింగ్ రాడ్ 100 మి.మీ. అనుకుని లెక్కేస్తే, 170 డిగ్రీలకు పోర్టు పైఅంచు పిస్టన్ పై చివరి స్థానం నుంచి 30.3 మి.మీ. కింద ఉండాలి. 1 మి.మీ. అరగదీస్తే 4.7 డిగ్రీలు పెరుగుతాయి. 2.15 మి.మీ.కి ఏకంగా 180 డిగ్రీలు! కొత్త మిశ్రమాన్ని సిలిండర్‌లోకి పంపే ట్రాన్స్‌ఫర్ పోర్టులతో మరీ జాగ్రత్త. కిందికి వచ్చేకొద్దీ పిస్టన్ నెమ్మదిస్తుంది కనుక, 120 డిగ్రీల దగ్గర అదే 1 మి.మీ. దాదాపు 6 డిగ్రీలవుతుంది.

ఇక పోయేదేమిటి? ఎగ్జాస్ట్ మూసుకున్నాకే అసలు కంప్రెషన్ మొదలవుతుంది. పేరుకు 98 సిసి అయినా, పై లెక్కలో అప్పటికి పిస్టన్‌కు నొక్కడానికి మిగిలేది 59.6 సిసి. 1 మి.మీ. లేపితే అందులోంచి 2 సిసి పోతుంది. పై స్పీడులో వచ్చిన లాభానికి బదులుగా తక్కువ ఆర్‌పీఎంలో పుల్లింగ్ తగ్గుతుంది. రోజూ ట్రాఫిక్‌లో నడిపే బండికి ఇది దండగ బేరమని నా అభిప్రాయం. సైలెన్సర్ కూడా కొత్త టైమింగ్‌కు కుదరాలి, లేకపోతే ఆ లాభమూ దక్కదు.

వెడల్పు సంగతి వేరు. మధ్యలో అడ్డుకమ్మీ లేని పోర్టు బోరులో 65 శాతం, అంటే 32.5 మి.మీ. దాటకపోవడం మేలు. దాటితే రింగు ఆ ఖాళీలోకి ఉబ్బి అంచుకు తగులుకోవచ్చు, విరగొచ్చు. అరగదీశాక అంచును సన్నగా ఏటవాలు చేయాలి. గోరు పెట్టి పైకీ కిందికీ రాస్తే ఎక్కడా పట్టుకోకూడదు. ఇనుప రజను ఒక్క రేణువైనా మిగలకుండా కడగాలి.

అరిగిన లోహం తిరిగి రాదు. కంపెనీ బోరును అలాగే దాచుకోండి. వేరే పాత బోరు మీద, ముందు కొలిచి రాసుకుని, అర మిల్లీమీటరుతో మొదలుపెట్టండి.