మనతో నడచివచ్చిన దేవతలు

మీ కులదేవత యెవరని అడిగినచో మన పిల్లలలో పెక్కుమంది పేరు చెప్పగలరు. ఆమె యెచ్చటినుండి వచ్చినది, మన యింట ఆమెకు దీపమేల పెట్టుచున్నాము అని అడిగినచో మాత్రము, అవ్వను అడుగవలెనందురు. అవ్వ లేని యింట ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము చెప్పువారెవరు? మదుర, కోయంబత్తూరు ప్రాంతములలోని తెలుగువారు కొలుచు ముగ్గురు దేవతలనుగూర్చియు, ఇతరదేశములలో వారికి సాటివచ్చు దేవతలనుగూర్చియు ఇచ్చట సంగ్రహముగా వివరింతుము.

క్రీ. శ. 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మదుర రాజ్యమునకు అధిపతి యయ్యెను. ఆయనయు మంత్రియగు అరియనాథ మొదలియారును దేశమును 72 పాళెములుగా ఏర్పాటు చేసిరని ప్రసిద్ధి. ఆ కాలమునకు ముందును వెనుకను అనేక తెలుగు కుటుంబములు దక్షిణమునకు వచ్చి స్థిరపడినవి. సేద్యగాండ్రు, సైనికులు, నేతగాండ్రు, చర్మకారులు అందరును వచ్చిరి. ఎవరి పనిముట్లతోపాటు వారు తమ దేవతలను గూడ వెంట తెచ్చుకొనిరి.

మొదట జక్కమ్మను చెప్పుకొందము. ఈమె రాజకంబళపు నాయకుల ఆరాధ్యదేవత. యక్షశబ్దమునకు తెలుగున జక్కు అనునది తద్భవము. కావున జక్కమ్మ యనగా యక్షజాతికి చెందిన తల్లి యని అర్థము చెప్పవచ్చును. యక్షులు చెట్లను, నిధులను కాపాడువారని మన పురాణములు చెప్పుచున్నవి. ఓరుగంటి వీథులను వర్ణించు క్రీడాభిరామమున దేవతాకథను గానము చేయు జక్కుల స్త్రీ కనబడును. పాంచాలంకురిచ్చి పాలెగాడైన వీరపాండ్య కట్టబొమ్మన, 1799లో ఆంగ్లేయులచే ఉరితీయబడిన వీరుడు, ఈ జక్కమ్మకే భక్తుడు. తెల్లవారకమునుపే చేతి డమరుకము మ్రోగించుచు ఇంటింటికి వచ్చి జోస్యము చెప్పువారు తమిళమున మాటలాడినను, ఆ పలుకు జక్కమ్మ పలుకనియే చెప్పుదురు.

ఈ కంబళపు నాయకుల వలసకథయు వినదగినది. తమ కన్యను బలిమిని కోరిన రాజునకు వెఱచి వారు పారిపోవుచుండగా ఏరు అడ్డము వచ్చెననియు, ఇరుగట్ల కానుగచెట్లు వంగి వంతెనయై వారిని దాటించెననియు చెప్పుదురు. అందుచే కానుగచెట్టు వారికి పూజ్యమైనది. రోమనులకును ఇట్టి కథయే కలదు. ట్రాయి నగరము కాలిపోవుచుండగా ఈనియసు అను వీరుడు వృద్ధుడైన తండ్రిని భుజములపై నెత్తుకొని, పెనాటీలను గృహదేవతల ప్రతిమలను ఆ తండ్రిచేతికిచ్చి, ఇల్లు వెడలి ఇటలీ చేరెను. ఊరు విడిచినవారు తమ దేవతను విడువకుండుట ఏ ఒక్క జాతికో చెందిన గుణము కాదు.

రెండవది చౌడేశ్వరి. కోయంబత్తూరు ప్రాంతమున కన్నడము, తెలుగు మాటలాడు దేవాంగులకు ఈమె కులదేవత. దేవతలకు వస్త్రములు నేయుటకై దేవలమహర్షి విష్ణువు నాభికమలమునుండి నూలు తెచ్చుచుండగా రాక్షసులు అడ్డగించిరట. చౌడేశ్వరి ప్రత్యక్షమై వారిని సంహరింపగా, వారి రక్తములో తడిసిన నూలునకు రంగులు వచ్చెనట. మగ్గమునకు వలయు నూలును, అద్దకమునకు వలయు రంగులను ఒక్క కథలో ఇమిడ్చిన పూర్వుల నేర్పు గమనింపుడు. గ్రీకుదేశమున ఏథెన్సు నగరపు అధిదేవత యగు ఎథీనాయు యుద్ధమునకును నేతకును దేవతయే. ఆమె మహోత్సవమునకు నాలుగేండ్లకొకసారి కొత్తగా నేసిన వస్త్రమును సమర్పించెడివారు. మన చౌడేశ్వరి ఉత్సవమున యువకులు కత్తులు చేబూని అమ్మవారిని ఆహ్వానింతురు. తమ వృత్తి దైవదత్తమను గౌరవము ఈ రెండు కథలయందును గలదు.

మూడవవాడు మదురవీరుడు. ఇతడు పుట్టుకచే దేవుడు కాడు, మనుష్యుడు. కథ పలువిధములుగా చెప్పబడుచున్నది. బొమ్మన్న నాయకుని కూతురగు బొమ్మిని పెండ్లాడి, తిరుమల నాయకుని కొలువున దొంగలనణచి, తుదకు నేరము మోపబడి కాలుసేతులు నరకబడెనని దాని సారాంశము. నేడు మీనాక్షీదేవాలయపు తూర్పు గోపురము చెంత ఆయనకు గుడి యున్నది. తెలుగు మాటలాడు అరుంధతీయులు ఆయనను తమవానిగా కొలుతురు. చీనాదేశమున క్రీ. శ. 220లో శత్రువులచే వధింపబడిన గువాన్ యూ అను సేనాని కూడ తరువాతి కాలమున దేవుడయ్యెను. చనిపోయినవానికి రాజు చేయని న్యాయమును ప్రజలు గుడి కట్టి చేసిరి.

ఇక అసలు మాట. 1835లో మారిషసు ద్వీపమున బానిసత్వము రద్దయిన పిదప చెరకుతోటల పనికై తెలుగువారు అచ్చటికి వెళ్లిరి. వారి సంతతివారిలో పెక్కుమంది యిండ్లలో నేడు వినబడునది క్రియోలు భాష. అయినను అమ్మోరు పండుగ, సింహాద్రి అప్పన్న పూజ, రామభజనము అచ్చట సాగుచునే యున్నవి. క్యూబాకు బానిసలుగా కొనిపోబడిన ఆఫ్రికావాసులగు యొరూబాల సంతతివారును ఇంటిభాష మారినను దేవతలను పిలుచునపుడు పూర్వుల పలుకులనే పలుకుదురు. భాషకు కడపటి ఆశ్రయము దేవుని గదియే యని దీనివలన తెలియుచున్నది. కాని పేరు మాత్రమే మిగిలి కథ మరచినచో, ఆ పేరు పిల్లలకు అర్థము లేని శబ్దమగును.

కావున తల్లిదండ్రులారా, ఈ యేడు కులదేవత గుడికి పోవునపుడు పిల్లలను వెంట గొనిపొండు. ఆ తల్లి యెవరో, మన పెద్దలు ఏ యేరు దాటి వచ్చిరో దారిలో తెలుగున చెప్పుడు. మీకు తెలియనిచో ఊరి పెద్దలనడిగి వ్రాసికొనుడు. పదిమాటలైనను చాలును. ఆ పది మాటలను మీ బిడ్డ తిరిగి మీకు తెలుగున చెప్పిననాడు, వందల యేండ్ల క్రిందట మనవారు మోసికొని వచ్చినది మరియొక తరమునకు అందినదని నమ్మవచ్చును.