పుత్తళం మాట, సామర్లకోట చెవి

సామర్లకోట జంక్షన్‌లో రైలు దిగినవాళ్ళు ఎక్కువమంది కాకినాడ బ్రాంచి లైను వైపే చూస్తారు. రెండో దారి రోడ్డుది. పెద్దాపురం, జగ్గంపేట, గోకవరం దాటుకుంటూ రంపచోడవరం మన్యం ఎక్కుతుంది. కాలవల నీళ్ళు ఇటు, కొండలు అటు. ఈ కథ రెంటికీ మధ్య ఊరిది.

ఊరి పేరు చెప్పగానే పంచారామాల్లో ఒకటైన కుమారారామం, రెండంతస్తుల ఎత్తున్న భీమేశ్వరుడి తెల్లటి లింగం గుర్తొస్తాయి. సహజమే. తెలుగు బాప్టిస్టులకు మాత్రం సామర్లకోట అంటే 1882. కెనడా బాప్టిస్టు మిషన్ తెలుగు బోధకుల కోసం ఇక్కడ వేదాంత పాఠశాల తెరిచిన ఏడాది అది. మొదటి ప్రిన్సిపాల్ జాన్ మెక్లారిన్. కాకినాడలో హైస్కూలుకున్న పేరు ఆయనదే. ఆయన 1874లో కాకినాడ వచ్చేనాటికే అక్కడ థామస్ గాబ్రియేల్ అనే తెలుగువాడు సంఘం నడుపుతున్నాడు. పిలిచింది గాబ్రియేలే, వచ్చింది కెనడా వాళ్ళు. ఈ వరస చాలామంది తిరగేసి చెబుతుంటారు. పాఠశాల తర్వాత కాకినాడకు తరలిపోయింది.

ఆ రోజుల్లో సువార్త మాట ఎంత దూరం పోవాలంటే మనిషి అంత దూరం నడవాలి. రేడియో వచ్చాక ఆ నడక తప్పింది కానీ, స్టేషన్ పెట్టుకునే వీలు మాత్రం మనకు లేదు. అప్పట్లో ప్రసారమంటే ఆకాశవాణి ఒక్కటే. పాస్టరుకు మైకు కావాలంటే సముద్రం దాటాల్సిందే.

సముద్రం అవతల నుంచి తెలుగు వినడం మనకేం కొత్త కాదు. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై తెలుగు సినిమా పాటలు వేస్తుంటే చెవులు రిక్కించిన తరం మనది. ట్రాన్సిస్టర్ ముల్లు కాస్త పక్కకు తిప్పితే సువార్త వినిపించే రోజులూ వచ్చాయి. 1970లో ఫెబా సంస్థ హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల్లో ప్రసారాలు మొదలుపెట్టింది. ఏరియల్ స్తంభాలు నిలబెట్టింది నేల మీద కాదు, తీరాన పగడపు దిబ్బ మీద. అక్కడి నుంచి షార్ట్‌వేవ్‌లో తెలుగు వచ్చేది. 1978లో ట్రాన్స్ వరల్డ్ రేడియో శ్రీలంకలోని పుత్తళం నుంచి మీడియం వేవ్‌లో మొదలుపెట్టింది: 400 కిలోవాట్లు, 882 కిలోహెర్ట్జ్. మీడియం వేవ్‌కు ఒక గుణముంది. పగలు నేలను అంటిపెట్టుకుని పాకుతుంది, పొద్దుగుంకాక పై పొరలకు తగిలి వందల మైళ్ళ అవతల దిగుతుంది. షార్ట్‌వేవ్ అలా కాదు, అలలాగా వచ్చి పోతూ, ప్రసంగం మంచి పట్టులో ఉండగా గరగరమంటుంది. సెల్లు అయిపోయిందా, స్టేషన్ పోయిందా అని సెట్టును రెండు తట్టులు తట్టని ఇల్లుందా!

సీషెల్స్ ప్రసారాలు 2003లో ఆగిపోయాయి.

ఇక కొండ సంగతి. ఎఫ్‌ఎం తరంగం దాదాపు చూపు ఆనినంత మేరే పోతుంది, అడ్డంగా కొండ ఉంటే అవతలి గూడేనికి అందదు. కొండ మీదే స్టేషన్ పెడితే? క్రైస్తవ రేడియో చరిత్రలో పేరున్న ప్రయత్నం సరిగ్గా అదే. దక్షిణ అమెరికాలో ఈక్వడార్ రాజధాని కీటో, సుమారు 2,800 మీటర్ల ఎత్తు. 1931 క్రిస్మస్ రోజున క్లారెన్స్ జోన్స్ బృందం అక్కడ హెచ్‌సీజేబీ మొదలుపెట్టింది. ఊళ్ళో రేడియో సెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పైగా పల్చటి గాలిలో ఏరియల్ కొసల నుంచి నిప్పురవ్వలు లేచేవి. ఇంజనీరు క్లారెన్స్ మూర్ కొసల్లేకుండా తీగను చతురస్రంగా చుట్టి ఆ బాధ తప్పించాడు. అమెచ్యూర్ రేడియో వాళ్ళు ఇప్పటికీ వాడే క్యూబికల్ క్వాడ్ అదే.

మన మన్యంలో ఆ పని కుదరదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది, 2006లో స్వచ్ఛంద సంస్థలకూ కమ్యూనిటీ రేడియో తలుపు తెరుచుకుంది. కానీ మత సంస్థలకు, రాజకీయ పార్టీలకు లైసెన్సు లేదు. నా మటుకు నాకు ఆ నిబంధన సబబే. ఒకరికిస్తే అందరికీ ఇవ్వాలి, అప్పుడు ప్రతి గుట్ట మీదా ఒక మైకు.

మరి కొండవాళ్ళ గొంతు? ప్రచారకులు ఎప్పుడో గమనించిన సంగతి ఒకటుంది: తెలుగు ప్రసారం కొండకు చేరినా, అది కోయ కాదు, కొండదొర మాట కాదు. 1939లో జాయ్ రిడర్‌హాఫ్ స్థాపించిన గాస్పెల్ రికార్డింగ్స్ పట్టుకున్నది ఈ సంగతినే. చిన్న భాషల్లో మాట రికార్డు చేసి, కరెంటు లేని చోట్లకు కార్డ్‌టాక్ అనే అట్టముక్క గ్రామఫోను పంపింది. చేత్తో తిప్పితే పలికేది. ఇవాళ ఆ పని మొబైల్లో వేసుకునే మెమరీ కార్డు చేస్తోంది.

సొంత గొంతుతో సొంత స్టేషన్ నడిపిన తెలుగువాళ్ళు మాత్రం అప్పటి మెదక్ జిల్లా మాచునూరు దళిత మహిళలు. అక్కడి సంఘం రేడియో 2008 అక్టోబరు 15న మొదలైంది. విత్తనాలు, పాటలు, పండగలు, అన్నీ వాళ్ళ యాసలోనే. మన్యంలో సేవ చేస్తున్న క్రైస్తవ సంస్థలు చూసి రావలసింది కీటోను కాదు, మాచునూరును. దరఖాస్తుకు కనీసం మూడేళ్ళ సేవ చూపించాలి. అంతకన్నా ముందు ట్రస్టు పత్రం తీసి చదువుకోండి. ఆశయాల్లో మత ప్రచారం ఉంటే ఆ ఫారం నింపడం దండగ.