జంట నగరాలు: క్రీడా స్పర్ధ, జాతి భావన

పెద్దపల్లిలో రైలెక్కి రాజధానికి బయలుదేరిన మనవారిని ఎక్కడికని అడిగితే "పట్నానికి" అంటారు. కాని రైలు ముందుగా చేరేది సికింద్రాబాదు. ఆ సికింద్రాబాదును పాత తరంవారు "లష్కర్" అనేవారు. ఆషాఢ మాసంలో అక్కడి ఉజ్జయినీ మహంకాళి అమ్మవారికి చేసే బోనాలను నేటికీ లష్కర్ బోనాలనే పిలుస్తున్నారు. లష్కర్ అంటే ఉర్దూలో సైన్యం. ఆ ఒక్క మాటలోనే ఆ నగర చరిత్ర ఇమిడి ఉన్నది.

1798లో నిజాముకు, ఈస్టిండియా కంపెనీకి జరిగిన ఒప్పందాన్ని అనుసరించి కంపెనీ సైన్యం హుస్సేన్ సాగరుకు ఉత్తరాన విడిది చేసింది. 1806లో ఆ విడిదికి మూడవ నిజాం సికందర్ జా పేరు పెట్టారు. ఆ విధంగా ఒకే చెరువుకు రెండు వైపుల రెండు నగరాలు ఏర్పడినవి. ఒకటి నిజాం పాలనలోని హైదరాబాదు. రెండవది ఆంగ్లేయుల అధికారం చెల్లుబాటైన సికింద్రాబాదు. రెండింటి మధ్య దూరం కొద్ది మైళ్ళే అయినా చట్టం వేరు, అధికారి వేరు, అన్నిటికంటె ముఖ్యంగా మనిషిని మనిషి చూసే చూపు వేరు. ఈ రెండు నగరాలు మైదానంలో ఎదురుపడినప్పుడు ఏమి జరిగినదన్నదే ఈ వ్యాస విషయం. దీనిని మన కళాశాల పత్రికకు ఎందుకు వ్రాస్తున్నానో చివరకు మనవి చేస్తాను.

ముందుగా మాట గురించి ఒక మాట. తెలుగులో "జాతి" అన్న పదానికి పనిభారం ఎక్కువ. రంగును బట్టి, పుట్టుకను బట్టి మనుషులను విభజించేదీ జాతే. దేశ ప్రజలంతా ఒక జాతే. కులానికీ కొన్నిచోట్ల జాతి అన్న మాటే. ఉర్దూలో ఆ మూడింటికీ నస్ల్, కౌమ్, జాత్ అని వేర్వేరు మాటలున్నవి. మాటలు వేరైనంత మాత్రాన ఉర్దూ మాట్లాడేవారి మనసులలో ఆ మూడూ కలగాపులగం కాలేదని కాదు. ఈ వ్యాసంలో జాతి భావన అన్నప్పుడు నా ఉద్దేశం ఒక్కటే: ఎదుటి మనిషి ఏమి చేశాడని చూడక, ఎవరికి పుట్టాడని చూసి అతని విలువ కట్టడం.

1896లో హైదరాబాదులో గోల్కొండ కప్పు పోలో పందెములు జరిగినవి. నిజాం సైన్యానికి చెందిన గోల్కొండ బ్రిగేడు జట్టు దక్షిణ భారతంలో మేటి జట్టు. దానికి ఎదురుగా బెంగుళూరు నుంచి వచ్చిన నాలుగవ హుస్సార్ల దళం. ఆ దళంలోని ఒక యువ సైనికాధికారి విన్‌స్టన్ చర్చిల్. ఆ ఆట సంగతిని ఆయన తన ఆత్మకథలో ఉత్సాహంగా వ్రాసుకున్నాడు. వేలాది దేశీయ ప్రేక్షకుల హర్షధ్వానాల మధ్య గోల్కొండ జట్టు ముందంజ వేసింది. చివరకు 9-3 తేడాతో దొరలు గెలిచారు, జనం నివ్వెరపోయారు. ఇక్కడ ఆలోచించవలసినది గెలుపోటముల గురించి కాదు. సాటి మనిషిగా ఎదుట నిలబడే అవకాశం దొరలకూ దేశీయులకూ నడుమ ఆనాడు ఎక్కడ ఉండేది? కచేరీలో లేదు, క్లబ్బులో లేదు, రైలు పెట్టెలో సైతం కొన్నిచోట్ల లేదు. ఉన్నదల్లా ఆ గడ్డి మైదానంలో, ఆట సాగినంతసేపు. అందుకే అంతమంది జనం వచ్చారు. భారతీయుల గురించి చర్చిల్ తరువాతి జీవితంలో పలికిన పలుకులను బట్టి చూస్తే, ఆ సమానత్వం ఆయనకు మైదానపు గీత దాటి వెంట రాలేదని చెప్పక తప్పదు.

భేదం అసలు నివసించే చోటు మైదానం కాదు, దాని అంచు. ఆట నియమాలు ఇరుపక్షాలకూ ఒక్కటే. నియమాలు మారేది ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరు ఏ పాత్రలో తాగాలి అన్నచోట. దీనికి హైదరాబాదు కంటె మద్రాసు స్పష్టమైన సాక్ష్యం ఇస్తుంది. పైగా ఆ కథానాయకుడు మన తెలుగువాడే.

మోతవరపు వెంకట మహీపతి నాయుడు అనే బుచ్చిబాబు మద్రాసులో స్థిరపడిన సంపన్న తెలుగు కుటుంబీకుడు. చేపాకు మైదానంలో దొరల క్లబ్బుతో ఆడడానికి వెళ్ళిన భారతీయులు పెవిలియన్ మెట్లెక్కరాదు; చెట్లకింద కూర్చుని భోజనం చేయవలసి వచ్చేది. బుచ్చిబాబు ఆ అవమానాన్ని అర్జీలతో ఎదుర్కొనలేదు. 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించి, భారతీయ యువకులకు ఆటస్థలం, సామగ్రి, శిక్షణ సమకూర్చాడు. దొరలకు దీటైన జట్టును తయారుచేసి, వారితో భారతీయుల జట్టు ఆడేలా ఏర్పాటు చేశాడు. 1908లో ఆ ఆట జరగడానికి కొద్ది రోజుల ముందే కన్నుమూశాడు. తరువాతి కాలంలో ప్రెసిడెన్సీ మ్యాచ్ అన్న పేరుతో అది సంక్రాంతి రోజుల వేడుకగా మారి 1952 వరకు సాగింది. ఆయన కుమారుడు సి. రామస్వామి టెన్నిస్‌లో డేవిస్ కప్పులోను, క్రికెట్‌లో 1936 ఇంగ్లండు పర్యటనలోను దేశానికి ఆడాడు. తండ్రి తరంవారు మెట్లెక్కరాదన్న ఆటలో కొడుకు దేశం తరపున బ్యాటు పట్టాడు.

బొంబాయిలో జరిగిన కథ ఇంతకంటె చిక్కైనది. అక్కడ యూరోపియన్లకు, పార్శీలకు మొదలైన పోటీలో 1907లో హిందువుల జట్టు, 1912లో ముస్లింల జట్టు చేరినవి. ఈ రెంటిలో చేరని క్రైస్తవులు మొదలైన వారికి "ది రెస్ట్", అనగా మిగిలినవారు, అన్న జట్టు 1937లోగాని ఏర్పడలేదు. మనిషికి "మిగిలినవాడు" అన్న పేరు పెట్టి మైదానంలోకి పంపడం ఎంత విచిత్రం! ఆ మిగిలినవారిలో ఒకడు విజయ్ హజారే. 1943లో హిందువుల జట్టుపై తన జట్టు చేసిన 387 పరుగులలో 309 ఒక్కడే చేశాడు. హిందువుల జట్టులోనూ లోలోపల గోడలుండేవి. దళితుడైన బౌలర్ పల్వంకర్ బాలూ తీసిన వికెట్లు జట్టుకు కావాలి, కాని పూనాలో ఆడే రోజులలో ఆయనకు తేనీరు పెవిలియన్ వెలుపల, విడిగా మట్టిపాత్రలో ఇచ్చేవారు. మతాన్ని బట్టి జట్లను కూర్చడం క్రీడాధర్మం కాదని గాంధీజీ 1940లో హితవు చెప్పారు. 1946 తరువాత ఆ పోటీలు ఆగిపోయినవి. నా అభిప్రాయంలో దొరలతో పోటీ కంటె ఈ పోటీలే ఎక్కువ హాని చేశాయి. దొర ఓడిపోతే ఓడ ఎక్కి ఇంటికి పోతాడు. ఒకే వీధిలో ఉండే ఇద్దరిలో ఒకడి గెలుపు రెండవవానికి మతావమానమైతే, మరునాడు ఉదయం వారు ఒకే దుకాణంలో పాలు కొనడం ఎట్లా?

మళ్ళీ హుస్సేన్ సాగర్ ఒడ్డుకు వద్దాము. మన వద్ద జట్లు చాలావరకు మతాన్ని బట్టి కాక ఊరిని బట్టి, పోషకుని బట్టి ఏర్పడ్డాయి. అదే మన అదృష్టం. నవాబు మొయినుద్దౌలా పేరిట బంగారు కప్పు పోటీ సికింద్రాబాదు జింఖానా మైదానంలో 1930 ప్రాంతంలో మొదలైంది. విజయనగరం మహారాజకుమారుడు ఇంగ్లండు నుంచి హాబ్స్, సట్‌క్లిఫ్‌లను పిలిపించి తన జట్టులో ఆడించాడు. 1934లో ఫ్రీలూటర్స్ అన్న జట్టు తరపున వెస్టిండీస్ వీరుడు లియరీ కాన్‌స్టంటైన్ ఆడాడు. ఆయన తాత తండ్రులు బానిసత్వం చూసిన కుటుంబంవారు. నల్లజాతివాడైన కాన్‌స్టంటైన్ కంటోన్మెంటు నగరంలో, దొరల కళ్ళ ముందు నవాబు అతిథిగా ఆడాడు. తొమ్మిదేళ్ళ తరువాత, 1943లో, లార్డ్స్ మైదానంలో ఆడడానికి వెళ్ళిన అదే మనిషికి లండనులోని ఒక హోటలువారు రంగు కారణంగా బస నిరాకరించారు. ఆయన కోర్టుకు వెళ్ళి 1944లో గెలిచాడు. ఇక్కడా అదే సంగతి: ఆడడానికి అభ్యంతరం లేదు, పడుకోవడానికి మంచం లేదు.

1937-38 రంజీ ట్రోఫీ ఫైనలులో హైదరాబాదు నవానగర్‌పై ఒకే ఒక వికెట్టు తేడాతో గెలిచింది. నాయకుడు ఎస్. ఎం. హుస్సేన్. అజేయంగా 137 పరుగులు చేసి గట్టెక్కించినవాడు పార్శీ అయిన ఐబారా. అదే కాలంలో బొంబాయిలో పార్శీలకు, ముస్లింలకు విడివిడి జట్లున్నవని గుర్తు చేసుకుంటే ఈ గెలుపు రుచి తెలుస్తుంది.

ఇక ఫుట్‌బాల్. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తి రీత్యా బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. చెరువుకు అవతలి వైపున, సికింద్రాబాదు శివార్లలోని అమ్ముగూడలో, తులసీదాస్ బలరాం అనే పేద తమిళ కుటుంబపు కుర్రవాడు ఉండేవాడు. పోలీసుల పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టే అతని చేత బూట్లు కుట్టించుకుని ఆడేవాడు. రహీం సాహెబు కన్ను అతనిపై పడింది. శిక్షణకు హైదరాబాదు రమ్మన్నారు. అంత దూరం రోజూ రావడానికి స్తోమత లేదంటే, అద్దె సైకిలుకు డబ్బు ఆయనే ఇచ్చారని బలరాం తరువాత చెప్పుకున్నారు. లష్కరు నుంచి పట్నానికి ఆ సైకిలు తిరిగిన దారి మీదుగానే ఒక ఒలింపిక్ ఆటగాడు తయారైనాడు. రెండు నగరాల కార్పొరేషన్లు 1960లో ఒకటైనవి. ఆ సైకిలు వాటిని అంతకుముందే కలిపింది.

1962లో జకార్తా ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఆహ్వానించకపోవడంపై ఒక భారతీయ ప్రతినిధి అభ్యంతరం తెలిపినందుకు అక్కడి ప్రజలు మనపై ఆగ్రహించారు. ఫైనలు నాడు సుమారు లక్షమంది ప్రేక్షకులు మన జట్టును గేలి చేశారు. జట్టులో హైదరాబాదు గడ్డపై ఆట నేర్చిన పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, బలరాం ఉన్నారు. జబ్బు ముదిరిన శరీరంతో రహీం సాహెబు గట్టుమీద ఉన్నారు. మన కోసం చప్పట్లు కొట్టినవారు ఎవరో తెలుసా? అదే క్రీడలలో హాకీ ఫైనలులో మనలను ఓడించిన పాకిస్తాన్ ఆటగాళ్ళు. భారత్ 2-1తో దక్షిణ కొరియాపై గెలిచింది. మరుసటి సంవత్సరం జూన్‌లో రహీం సాహెబు కాలధర్మం చెందారు.

విద్యార్థి మిత్రులారా, ఇప్పుడు మన సంగతి. గత సంవత్సరం మన కబడ్డీ జట్టు ఒక ఊరికి అంతర కళాశాలల పోటీకి వెళ్ళింది. మన ఏడుగురిలో నలుగురు ముస్లింలు, ముగ్గురు హిందువులు. మన కళాశాల పేరు మైకులో చదవగానే ప్రేక్షకులలో కొందరు పొరుగు దేశం పేరు పెట్టి అరవడం మొదలుపెట్టారు. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు మన రైడర్, సుల్తానాబాదు వైపు పల్లె కుర్రవాడు, "సార్, నన్ను కూడా కలిపే అన్నరు" అని నవ్వినాడు. అందరూ నవ్వినారు. కిటికీ పక్కన కూర్చున్న ఒక్కడు మాత్రం నవ్వలేదు. అతను పెద్దపల్లి దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ విద్యార్థి ఈ సంవత్సరం జట్టుకు పేరు ఇవ్వలేదు.

ఇంతవరకే చెప్పి ఊరుకుంటే మన పక్షం వహించినట్లవుతుంది. అంతకు రెండు నెలల ముందు మన మైదానానికి బొగ్గుగనుల ప్రాంతం నుంచి ఒక జట్టు వచ్చింది. వారిలో ఎక్కువమంది గని కార్మికుల పిల్లలు. వారు వరుసగా పాయింట్లు తీస్తుంటే మన విద్యార్థులు, మతభేదం లేకుండా అందరూ కలిసి, వారి ఒంటిరంగును బొగ్గుతో పోల్చి కేకలు వేశారు. నేను అక్కడే ఉన్నాను. ఆట ఉత్సాహమని సరిపెట్టుకుని ఊరుకున్నాను. బస్సులో ఆ విద్యార్థి మౌనం చూసిన తరువాతగాని ఆ రోజు నేను ఊరుకున్నది ఏమిటో నాకు అర్థం కాలేదు.

ఆ ఊరికి ఇక జట్టును పంపవద్దని కమిటీ పెద్దలలో కొందరి అభిప్రాయం. వారి ఆవేదన నాకు తెలుసు. పిల్లల క్షేమం వారి బాధ్యత. అయినా పంపాలనే నేను విన్నవించాను. మనం వెళ్ళకపోతే ఆ కేకలు వేసినవారికి మన రైడర్ పేరు, అతని ఆట ఎన్నటికీ తెలియవు. మన కళాశాల బోర్డు మీది "మైనారిటీ" అన్న మాట ఒక్కటే తెలిసి ఉంటుంది. నిర్వాహకులకు ముందుగానే లేఖ వ్రాసి, ఇద్దరు అధ్యాపకులు వెంట వెళ్ళే షరతుపై కమిటీ అంగీకరించింది. కిటికీ పక్కన కూర్చున్న ఆ విద్యార్థిని నేను బలవంతపెట్టలేదు. అభ్యాసం సాయంత్రం ఐదింటికని మాత్రం చెప్పాను.

గనుల ప్రాంతపు జట్టు ఫిబ్రవరిలో మళ్ళీ మన మైదానానికి వస్తున్నది. నిరుడు వారికి మధ్యాహ్న భోజనం పొట్లాలలో కట్టి వేపచెట్టు కిందికి పంపించాము. అందులో దురుద్దేశమేమీ లేదు, స్థలం చాలదనుకున్నాము. ఈసారి రెండు జట్లకూ మన భోజనశాలలోనే, ఒకే వరుసలో వడ్డన. అదనంగా కావలసిన బల్లలు ఉర్దూ విభాగం నుంచి తెప్పిస్తున్నారు.