మీకు తెలుసా? గినీ పంది ఇన్సులిన్ తీరే వేరు

ఇన్సులిన్‌లోని 51 అమైనో ఆమ్లాలలో, అంటే ప్రోటీన్ నిర్మాణ భాగాలలో, మనిషికీ అసలు పందికీ ఒక్కటే తేడా ఉండగా, పేరుకు మాత్రమే పంది అయిన గినీ పందికీ మనిషికీ మధ్య పదికి మించిన తేడాలున్నాయి. ఇన్సులిన్ ఇంత వేరైనా మధుమేహం గినీ పందికీ రావచ్చు. ఈ పెంపుడు జీవి తిండి తగ్గకుండానే చిక్కిపోతూ, అతిగా నీళ్లు తాగుతూ, పదేపదే మూత్ర విసర్జన చేస్తుంటే, లేదా కంటి కటకాన్ని మసకబార్చే శుక్లం కనిపిస్తే మధుమేహాన్ని అనుమానించవచ్చు. అయితే బెదురు వల్ల కూడా రక్తంలో చక్కెర పెరుగుతుంది గనుక పశువైద్యులు ఒక్క రక్తపరీక్షపై ఆధారపడక మూత్రాన్నీ పరీక్షిస్తారు. పండ్లు, క్యారెట్ తగ్గించి ఎండుగడ్డిని ప్రధానాహారం చేస్తే చాలా సందర్భాలలో ఇన్సులిన్ అవసరం పడదు. విటమిన్ సి మాత్రం తగ్గించరాదు. మనిషిలాగే గినీ పంది కూడా దానిని దేహంలో తయారుచేసుకోలేదు.